తొమ్మిదో గడి

ఏడు దాటి ఆరు నిమిషాలైంది. కాల్ ఎనిమిదికి. ఈలోగా లోపలికెళ్లి తన సీట్లో కూర్చుని కాగితాలు మరోసారి చూసుకోవచ్చు, అందుకే కదా ఇంటికొచ్చిన అంకుల్‌నీ ఆంటీనీ వదిలి తెల్లారగానే బయల్దేరింది నమ్రత, కానీ కారుకీ ఆఫీసు తలుపుకీ మధ్య, వారం నుంచీ కాపలా కాస్తున్న ఆ బాతు కూర్చుని ఉంది. బాతంటే ముద్దొచ్చే బాతు కాదు. మూరెడు మెడ, నల్లటి తల, దవడ కింద ఎవరో కట్టు కట్టినట్టు తెల్లటి పట్టీ, పార్కింగ్ మధ్యలో చెక్కపొట్టు పరిచిన దిబ్బ మీద గుడ్లు పెట్టుకుని, మోరిస్‌విల్ మొత్తం తన పేరున రాసిచ్చినట్టు చూస్తోంది. నమ్రత తలుపు తీసి ఒక కాలు కింద పెట్టగానే లేచి, రెక్కలు విప్పి, నోరు తెరిచి బుసకొట్టింది. నమ్రత కూడా బుసకొట్టింది. నిజంగానే, పళ్ల మధ్య నుంచి, ఎవరూ చూడటం లేదు కదా అని. బాతు బెదరలేదు. సరే ఉండు, నీ సంగతి చూస్తా అనుకుని కాలు లోపలికి లాక్కుని తలుపు వేసుకుంది, వేసుకున్నాక తెలిసింది, లోపలికి వెళ్లే పని తప్పినందుకు ప్రాణం ఎంత తేలిగ్గా ఉందో. అద్దం నిండా పసుపు. ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడి పైన్ చెట్లు కార్లకీ బెంచీలకీ మెట్లకీ దేన్నీ వదలకుండా పుప్పొడి పూసేస్తాయి. పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. పోయిన వారం మొదటిసారి ఈ పుప్పొడి చూసి నిశాంత్ బానెట్ మీద వేలితో ఇద్దరి పేర్లూ రాసి, "చూడవే, మన పెళ్లి పసుపు ఇంకా పోలే" అన్నాడు, ఆ ఒక్క మాటకి ఆ రోజంతా తనలో తను నవ్వుకుంటూ తిరిగింది. ఈరోజు అదే పసుపు చూస్తే కళ్లు మండుతున్నాయి, ముక్కు కారుతోంది, ఎవరినైనా ఒకటి కొట్టాలనిపిస్తోంది.

ఎవరినంటే, ముందు క్రెయిగ్‌ని. అట్లాంటాలో తన ఇంటి వెనక వరండాలో కూర్చుని సంస్థని నడిపే క్రెయిగ్, నిన్న సాయంత్రం పంపిన మెసేజ్ ఇప్పటికి పదిసార్లు చదివింది. రేపు బోర్డు వాళ్లిద్దరికీ ఆ ఖాళీల సంగతి నువ్వే చెప్పు, ఎఫ్వా టీమ్ ప్రొటోకాల్ పాటించలేదు, అంతే, సింపుల్‌గా ఉంచు, కొత్త పెళ్లికూతురికి ఎక్కువ పని పెట్టకూడదుగా! చివర కన్ను గీటే బొమ్మ. ఆ కన్ను గీటే బొమ్మని వేలితో పొడవాలనిపించింది. కొత్త పెళ్లికూతురు. ఎఫ్వా ఉద్యోగం తీసెయ్యడానికి కావాల్సిన నాలుగు ముక్కలు తన నోటితో చెప్పించుకోవాలి, అది కూడా ముద్దుగా అడిగి. ఘనా దేశంలో సముద్రం ఒడ్డున టకొరాడి అనే ఊళ్లో, బట్టలు కుట్టడం, జడలల్లడం, వెల్డింగ్ లాంటి పనులు నేర్చుకుంటున్న కుర్రకారు మనసు బాగోగులు చూసే కార్యక్రమం ఇది. అక్కడ నడిపేది ఎఫ్వా. ఆమె కింద పన్నెండు మంది అమ్మాయిలు, వినేవాళ్లు అంటారు వాళ్లని, దుకాణం దుకాణం తిరిగి ఆ పిల్లల పక్కన కూర్చుని వాళ్ల మాటలు విని టాబ్లెట్‌లో తొమ్మిది ప్రశ్నల ఫారం నింపుతారు. ఇక్కడి నుంచి నడిపేది నమ్రత. నడపడమంటే ఆ ఫారాలన్నీ వచ్చిపడే పేజీని చూసుకోవడం, ఎవరి నంబరు పక్కన ఆకుపచ్చ, ఎవరి పక్కన పసుపు, ఎవరి పక్కన ఎరుపు. పేర్లు సముద్రం దాటి రావు, నంబర్లే వస్తాయి. అందుకే పోయిన గురువారం సున్నా నాలుగు ఒకటి ఏడు అనే నంబరు గల అమ్మాయి తాగకూడనిది తాగి ఆసుపత్రిలో పడిందని తెలిసినప్పుడు, ఎఫ్వా మెయిల్‌లో మొదటి వాక్యం ఇలా ఉంది: ఆమెకి పదిహేడేళ్లు, ఆమె పేరు అరబా. బతికింది. ఆ మాట చదివేదాకా నమ్రత ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నాక పేజీ తెరిచింది. మార్చిలో నింపిన అరబా ఫారం పక్కన ఆకుపచ్చ. చక్కటి లేత ఆకుపచ్చ, ఆ రంగు కూడా తనే ఎంచింది.

తొమ్మిదో ప్రశ్న నమ్రతని నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. గత రెండు వారాల్లో, చనిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపించిందా? సున్నా నుంచి మూడు దాకా ఏదో ఒక అంకె నొక్కాలి. టకొరాడి అమ్మాయిలు ఎనిమిది ప్రశ్నలు అందరినీ అడుగుతారు. తొమ్మిదోది కూడా చాలామందిని అడుగుతారు, వాళ్లు నవ్వి లేదంటారు, సున్నా నొక్కుతారు. కానీ కొందరి దగ్గరికి వచ్చేసరికి అడగరు. అడగలేరు. ఎదుటి మనిషి నిజంగా ఆ అంచున ఉందని అనుమానం వస్తే, ఆ మాట మొహం మీద అనడమంటే దాన్ని చెయ్యిపట్టి ఇంట్లోకి పిలిచినట్టే అక్కడ. పైగా ఒకటో రెండో నొక్కితే అది రాతలో ఉండిపోతుంది, ఆ ప్రయత్నం చేసినవాళ్ల మీద కేసు పెట్టే చట్టం మొన్నమొన్నటిదాకా ఉన్న దేశం, చట్టం పోయినా భయం పోలేదు. అందుకని ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. వదిలేసి కింద రిమార్కుల డబ్బాలో ఒక్క వాక్యం రాస్తారు. తన కత్తెర చెల్లెలికి ఇచ్చేసింది. పని చేస్తూ పాడేది, పాడటం మానేసింది. బాకీ లేదు కదా అని అందరినీ అడుగుతోంది. ప్రతి శుక్రవారం ఎఫ్వా పేజీ తెరిచి ఖాళీలు ఎక్కడున్నాయో చూసి, ఆ దుకాణాలకి నడిచి వెళ్లి, పొద్దుగూకేదాకా ఆ పిల్ల పక్కన ఏదో ఒక గుడ్డకి కాజాలు కుడుతూ కూర్చునేది. ఖాళీ అంటే లేదని కాదు. ఖాళీ అంటే, ఆంటీ ఎఫ్వా, నువ్వొకసారి వెళ్లి చూడు అని. ఇది ఏ ప్రొటోకాల్‌లోనూ లేదు. ఎవరూ రాసిపెట్టలేదు. నాలుగేళ్లు అలా నడిచింది.

ఆ నాలుగేళ్ల తర్వాత ఫిబ్రవరి మొదటి వారం వచ్చింది. పెళ్లికి సెలవు పెట్టుకుని, టేబుల్ ఖాళీ చేసుకుంటూ, ఎవరేం చెప్పినా సరేనంటూ గాల్లో తేలుతున్న వారం. పేజీలో ఖాళీల దగ్గర పడే ఆ బూడిదరంగు గళ్లు బోర్డు వాళ్లకి నచ్చట్లేదు, వెళ్లేలోపు కాస్త శుభ్రం చేయగలవా అన్నాడు క్రెయిగ్. ఎంతసేపు పని? కోడ్‌లో ఒక్క వరస. గడి ఖాళీగా ఉంటే సున్నాగా తీసుకో. అమ్మాయిలు ఫారానికి మరీ ఎక్కువ సమయం తీసుకుంటున్నారు, ఆ రిమార్కుల డబ్బా కూడా తీసెయ్ అన్నాడు. తీసేసింది. ఇరవై నిమిషాలు పట్టిందేమో. బూడిదరంగంతా ఒక్క దెబ్బకి ఆకుపచ్చగా మారిపోతే, నిజం చెప్పాలంటే, చూడముచ్చటగా ఉంది, ఆ పేజీని ఫొటో తీసి నిశాంత్‌కి పంపింది కూడా, చూడు నా తోట అని. ఛీ. స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. హారన్ మోగింది. బాతు లేచి కారు వైపు రెండడుగులు వేసింది.

తెలియక చేశాను అని ఎన్నిసార్లైనా అనుకోవచ్చు. ఎఫ్వా మెయిల్ లేకపోతే అనుకోవచ్చు. అది వచ్చిన రోజు కాకినాడలో మెహందీ, రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చిగోరింట, పిన్ని కూతురు కావ్యశ్రీ పక్కన కూర్చుని పాలకోవా నోట్లో పెడుతోంది, ఎవరో ఫ్యాను ఇటు తిప్పండర్రా అని అరుస్తున్నారు, ఫోన్ వెలిగింది. ప్లీజ్, సిస్టర్ నమ్రత, ఖాళీ సున్నా కాదు. పేజీలో నా ఖాళీలు కనబడటం లేదు. దయచేసి వెనక్కి మార్చండి. నమ్రత చెప్తుంటే కావ్యశ్రీ టైప్ చేసింది: థాంక్స్ ఎఫ్వా, తిరిగొచ్చాక మాట్లాడుకుందాం! కావ్యశ్రీ తనంతట తనే రెండు పూలబొమ్మలు చేర్చింది, బాగుంటుందక్కా అని. తిరిగొచ్చాక మూడొందల మెయిళ్లు. అందులో ఎఫ్వావి మరో రెండు. అవి చదవలేదంటే అబద్ధం. సబ్జెక్టు చూసి, ఈవిడొకర్తి, ప్రతిదానికీ పేచీ, రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపటికి కొత్త కుక్కర్ కొనడానికి వెళ్లారు ఇద్దరూ, షాపులో నిశాంత్ ప్రతి కుక్కర్ మూతా తీసి లోపలికి హలో అని అరిచాడు.

ఎఫ్వా మీద కోపం మాత్రం తక్కువా? ఒక్క ఫోన్ చేసి అరిచి ఉంటే ఏం పోయేది? ఆ ప్లీజ్ ఒకటి. ప్రతి వాక్యానికి ముందు ప్లీజ్, గుండుసూది గుచ్చినట్టు. పోయినేడాది టకొరాడి వెళ్లినప్పుడే మొదలైంది ఇదంతా. రెండు విమానాలు మారి, ఆరుగంటలు బస్సులో ఊగి ఎఫ్వా ఆఫీసు చేరితే, ఎఫ్వా లేచి కుర్చీ చూపించి, ఒక అమ్మాయితో గాజు గ్లాసులో నీళ్లు తెప్పించింది. వచ్చినవాళ్లకి ముందు నీళ్లివ్వాలి, వాళ్లు తాగాక అడగాలి, ఏం పనిమీద వచ్చారని. అదీ అక్కడి పద్ధతి. నమ్రత నీళ్ల వైపు చూసింది, కడుపు సంగతి తలుచుకుంది, సంచిలోంచి తన సీసా తీసి తాగింది. గ్లాసు బల్లమీద అలాగే ఉండిపోయింది. గది చల్లబడింది.

"మీ ఊళ్లో వచ్చినవాళ్లకి నీళ్లివ్వరా, సిస్టర్?" అంది ఎఫ్వా.

"ఇస్తాం."

"తాగకపోతే ఏమనుకుంటారు?"

నమ్రత నవ్వేసింది. ఏమనుకుంటారో తెలుసు. తన నానమ్మ అయితే ఆ మనిషిని మళ్లీ గుమ్మం ఎక్కనివ్వదు. ఎఫ్వా ఏం పనిమీద వచ్చావని అడగనేలేదు, మూడు రోజులూ అడగలేదు, అడగని మనిషికి నమ్రత తనంతట తనే స్లైడ్లు చూపించుకుంది. ఆ ఊళ్లో అందరూ ఆమెని ఆంటీ ఎఫ్వా అంటారు, ముసలివాళ్లతో సహా. ఇక్కడ కిరాణా కొట్లో ముక్కూమొహం తెలియని మనిషిని కూడా ఆంటీ అనే నమ్రత, తనకన్నా పదిహేనేళ్లు పెద్దదాన్ని ఎఫ్వా అని పిలిచింది, క్రెయిగ్ అలా పిలుస్తాడు కాబట్టి.

ఏడూ ఇరవై ఎనిమిది. ఫోన్ మోగింది. నిశాంత్.

"బాతు పోయిందా?"

"పోలేదు. నువ్వేంటి ఇంత పొద్దున్నే లేచావు?"

"అనురాధ ఆంటీ లేపింది. పోపుడబ్బా ఏడుందని అడిగింది. మా ఆవిడకి తెలుసు అన్న. ఎట్లుంది? మా ఆవిడ! రెండుసార్లు అన్న."

ఎంత కోపంలో ఉన్నా పెదాలు విచ్చుకున్నాయి, ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతు కొత్త చెప్పులేసుకున్న పిల్లాడిలా ఉంటుంది. ఆ మెత్తదనంలోనే అడిగేసింది, ఖాళీల్ని సున్నా చేసింది నేనేనని కాల్‌లో అందరి ముందూ చెప్పేస్తే ఎలా ఉంటుంది నిశాంత్?

"చెప్తే ఏమైతది? తీసేస్తరా?"

"తీసేస్తారు. అరవై రోజుల్లో ఇంకో జాబ్ చూసుకోవాలి, లేకపోతే వీసా పోతుంది."

"అరవై రోజులెందుకే, మర్నాడే హెచ్‌ఫోర్ ఫైల్ చేద్దాం, నా మీద డిపెండెంట్‌గా. ఇంట్ల హాయిగా ఉండు. నేను రోజూ లంచ్‌కి ఇంటికొస్త."

ప్రేమగానే అన్నాడు. అదే కదా ఇంకా మండిపోయింది. "నీ ఫైల్లో అటాచ్‌మెంట్‌గా పడి ఉండటానికా నేను రెండు డిగ్రీలు చదివింది?" అంది, తన గొంతు అంత కీచుగా ఉంటుందని ఇప్పటిదాకా తెలియదు. "అరె, గట్ల కాదే" అంటుంటే పెట్టేసింది. పెట్టేసి, ఇదేనా మొదటి గొడవ అనుకుంది, మొదటి గొడవ ఇంకాస్త మంచి విషయం మీద వస్తుందనుకుంది, సినిమాకి ఆలస్యమైతేనో, తడి టవల్ మంచం మీద పడేస్తేనో. రెండు నిమిషాలకి మెసేజ్. సారీ. బ్యాగ్‌లో డబ్బా ఉంది, రాత్రి నువ్వు పడుకున్నంక చేసిన ఉప్మా. జీడిపప్పు నేనే వేయించిన, కొన్ని మాడినయ్. డబ్బా తీసింది. కొన్ని కాదు, అన్నీ మాడినయ్. ఏరుకుని ఒక్కొక్కటే నమిలింది, నల్లటి చేదు, తింటుంటే కళ్లలో నీళ్లు, పుప్పొడికి కాదు. ఆ చేదులో ఒక్క క్షణం ఎంత సుఖంగా అనిపించిందంటే తన మీద తనకే అసహ్యం వేసింది. అక్కడొక పిల్ల గొంతు కాలి మంచినీళ్లు మింగలేకపోతోంది.

అసలు రాత్రి భోజనాల దగ్గర నుంచే ఒళ్లు మండుతోంది. ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి కొత్త జంటని చూడటానికి వచ్చిన మామగారి స్నేహితుడు లక్ష్మీపతి అంకుల్, ఆయన భార్య అనురాధ ఆంటీ, ఇద్దరూ పప్పులో నెయ్యి పోసుకుంటూ మొదలుపెట్టారు. "ఎక్కడో ఆఫ్రికాలో పిల్లలకి దిగులు పోగొడుతుందట, ఇక్కడ కూర్చుని! ఇదేం జాబ్‌రా నిశాంత్?" అని ఆంటీ. "అక్కడ తిండికే లేదు, మళ్లీ దిగులొకటా వాళ్లకి?" అని అంకుల్. అక్కడ మా టకొరాడిలో తిండి మీ ఫ్రీజర్‌లో తిండి కన్నా బాగుంటుంది అంకుల్ అని నాలుక చివరిదాకా వచ్చింది, మా టకొరాడి అనే హక్కు తనకి ఎక్కడిదని ఆగిపోయింది. పొద్దున బయల్దేరుతుంటే ఆంటీ వంటింట్లోంచి తొంగిచూసి, "అమ్మాయ్, పాలు నిండుకున్నాయి, వచ్చేటప్పుడు తీసుకురా" అంది. అలాగే ఆంటీ అంది. నిండుకున్నాయి. అయిపోయాయి అనకూడదు కదా. చిన్నప్పుడు డబ్బా అడుగు కనబడుతుంటే అమ్మ, బియ్యం నిండుకున్నాయి, నాన్నకి చెప్పు అనేది. దీపం ఆరింది అనకూడదు, కొండెక్కింది అనాలి. ఇల్లు దాటేటప్పుడు వెళ్తున్నాను అంటే నానమ్మ చెవి మెలిపెట్టి, వెళ్లొస్తాను అనిపించేది. అడుగంటిన డబ్బాని నిండుకుంది అని చెప్పే ఇంట్లో పుట్టి, ఆ డబ్బా చూసి ఏనాడూ నిండుగా ఉందని పొరబడకుండా పాతికేళ్లు బతికి, పోయి పోయి ఒక ఖాళీ గడి చూసి సున్నా అనుకుంది. తెలియకపోవడం ఎక్కడ? ఎదుటి మనిషి నోటితో అనలేనిదాన్ని ఆ మనిషి మొహం చూసి అర్థం చేసుకోవడం పుట్టుకతో వచ్చిన విద్య. క్రెయిగ్‌కి తెలియదంటే నమ్మొచ్చు.

ఏడూ నలభై మూడు. లాప్‌టాప్ తెరిచి ఒళ్లో పెట్టుకుంది. ఆ జాబితా అక్కడే ఉంది, శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఉంది. ఆ ఒక్క వరస తీసేసి చూస్తే తొమ్మిదో గడి ఖాళీగా వదిలిన ఫారాలు నలభై ఒకటి తేలాయి. నలభై ఒక్క నంబర్లు. అరబాది అందులో పద్దెనిమిదోది. జాబితా క్రెయిగ్‌కి పంపింది. బోర్డు కాల్ అయ్యేదాకా ఎవరికీ పంపొద్దు, ఎఫ్వాకి అస్సలు వద్దు, ముందు మనం ఏం చెప్తామో తేల్చుకుందాం అన్నాడు. సరే అంది. సరే అని ఇంటికెళ్లి, శనివారం ఆంటీవాళ్లకి గదిలో దుప్పట్లు మార్చి, ఆదివారం వాళ్లని గుడికి తీసుకెళ్లి, పులిహోర బాగుందని మారు వేయించుకుని తింది. రెండున్నర రోజులు. ఈ రెండున్నర రోజులూ ఒకటే లెక్కలు, నేను చెప్తే ఏమవుతుంది, చెప్పకపోతే ఎఫ్వా ఏమవుతుంది, నా వీసా, ఎఫ్వా జీతం, క్రెయిగ్ మొహం. మిగతా నలభై మంది గుర్తు రాలేదని కాదు, వచ్చారు, స్నానం చేస్తుంటే, కారు తోలుతుంటే వచ్చారు, నంబర్లుగా వచ్చారు, సోమవారం దాకా ఆగమంటే ఆగి నిలబడ్డారు. ఇప్పుడు అక్కడ దాదాపు మిట్టమధ్యాహ్నం. నలభై కుట్టుమిషన్ల దగ్గర, నలభై అద్దాల ముందు. వాళ్లలో ఎవరు ఏ కత్తెర ఎవరికి ఇచ్చేస్తున్నారో. జాబితా ఇప్పుడే పంపెయ్, ఒక్క నొక్కు నొక్కు అని వేలు చెప్తోంది, పంపితే కాల్‌కి ముందే దొరికిపోతావు అని బుర్ర చెప్తోంది, ఆ బుర్రని తీసి ఆ బాతు ముందు పారేయాలనిపించింది. వేలు కదల్లేదు. ఏడూ యాభై రెండు. అద్దంలో చూసుకుని బొట్టు సరిచేసుకుంది, ఎందుకు చేసుకుందో తెలియదు. ఏడూ యాభై ఎనిమిది.

తెర మీద అయిదు మొహాలు. బోర్డు వాళ్లిద్దరూ, ఒకాయన టై కట్టుకుని, ఒకావిడ కాఫీ కప్పుతో. క్రెయిగ్, వెనక ఫెర్న్ మొక్కలు. కారు సీట్లో తను. ఎఫ్వా మాత్రం బయట ఎక్కడో నడుస్తోంది, ఫోన్ చేతిలో ఊగుతోంది, తలకి చుట్టిన గుడ్డ చెమటకి తడిసి నల్లబడింది, వెనక ఎండ, గోడలు, ఎవరిదో రేడియో. ఇంత ముఖ్యమైన కాల్‌కి కూర్చోకుండా నడుస్తుందేంటి అని ఇప్పుడు కూడా చిరాకు వేసింది నమ్రతకి.

క్రెయిగ్ గొంతు సవరించుకుని, ఇది చాలా బాధాకరమైన సమయమని, పిల్లల క్షేమమే అందరికన్నా ముందని, అయితే డేటా సేకరణలో లోపం ఎక్కడ జరిగిందో నిజాయితీగా చూడాలని అన్నాడు. నలభై ఒక్క ఫారాల్లో అతి ముఖ్యమైన ప్రశ్నని ఫీల్డ్ టీమ్ వదిలేసిందని అన్నాడు. "నమ్రతా, గో అహెడ్."

మైక్ మీద నొక్కింది. కప్పు పట్టుకున్నావిడ, మీ ఆడియో రావట్లేదు అంది. వస్తోంది. మాటే రావట్లేదు.

"ఫీల్డ్ టీమ్ వదిలెయ్యలేదు," అంది నమ్రత. "వాళ్లు ఖాళీగా ఉంచితే వెళ్లి చూడమని అర్థం. ఆ ఖాళీల్ని సున్నాగా మార్చింది నేను. ఫిబ్రవరిలో. రిమార్కులు తీసేసింది కూడా నేనే. తప్పు అని ఎఫ్వా మూడు మెయిళ్లు పెట్టారు. నేను పట్టించుకోలేదు."

"నమ్రతా, ఒక్క నిమిషం, ఇది మనం విడిగా మాట్లాడుకుని—" అన్నాడు క్రెయిగ్.

"మార్చమన్నది మీరు. మార్చింది నేను." ఇక ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలిసి అదే ఊపున అనేసింది. "ఆ నలభై ఒక్క మంది నంబర్లు శుక్రవారం నుంచి నా దగ్గర ఉన్నాయి. పంపొద్దన్నారని పంపలేదు. ఇప్పుడు పంపుతున్నాను."

టై కట్టుకున్నాయన ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు. ఒంట్లో ఎక్కడో ఒక తేలికదనం, అంతా అయిపోయింది, చెప్పేశాను, ఇక ఏమైనా కానీ అని, ఆ తేలికదనంలో ఎఫ్వా మొహం వైపు చూసింది, ఏం ఆశించి చూసిందో ఆ క్షణంలో తనకి తెలియదు. ఎఫ్వా నడక ఆపింది. ఫోన్ మొహానికి ఎదురుగా పెట్టుకుంది.

"అయిందా?" అంది.

"అయింది."

"ప్లీజ్, నీ జాబితా పంపకు. నాకు అక్కర్లేదు. గురువారం రాత్రి మా పన్నెండు మందినీ కూర్చోబెట్టాను. ఎవరి దగ్గర ఆ ప్రశ్న అడగలేక నోరు ఆగిపోయిందో వాళ్లందరికీ గుర్తుంది. అలాంటి మొహాలు మర్చిపోతారా ఎవరైనా? నలభై ఒకటి కాదు, నలభై మూడు. రెండు ఫారాలు సిగ్నల్ లేక మీ దాకా రానేలేదు. ఒకమ్మాయి ఆసుపత్రిలో ఉంది. ఇరవై నాలుగు మందిని చూశాం. పద్దెనిమిది మంది ఉన్నారు ఇంకా."

"నేనూ ఏదైనా... ఫోన్లు చేయనా? ఇక్కడి నుంచి కొంతమందితోనైనా..."

"నువ్వా?" ఎఫ్వా నవ్వింది, పళ్లు కనబడకుండా. "వాళ్లతో ఏ భాషలో మాట్లాడతావు?"

"అయితే నన్నేం చేయమంటారు?"

వెనక రేడియో ఆగింది. ఎవరో ఆడపిల్ల ఎఫ్వాని లోపలికి పిలుస్తోంది. ఎఫ్వా అటు తల తిప్పి, వస్తున్నానని చేత్తో సైగ చేసి, మళ్లీ ఇటు తిరిగింది. కోపంగా కూడా లేదు. అలిసిపోయి ఉంది.

"ఈరోజుకి ఎవరినీ ఏమీ అడక్కు," అంది.

ఎఫ్వా కాల్ కట్ చేసింది, ఆమె ఉన్న చోటు మూసుకుపోయింది, మిగిలిన నాలుగు మొహాలూ పక్కకి జరిగి, తెర మీద కాస్త పెద్దవయ్యాయి.